అవతలి పక్క పెట్రోలు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను,
ఒళ్లో గోనెసంచి.
పసిపిల్లనుకుందో ఏమో, చేపల గంప జరిపి
ఒకావిడ చోటిచ్చింది.
పంటు ఊగినప్పుడు సంచి మూతి జారింది,
తుప్పు చూసింది ఆవిడ.
"ఎవరిదమ్మా ఇదీ?"
ప్రస్తుతానికి ఎవరిదీ కాదు.

పన్నెండేళ్లుగా రొయ్యల చెరువు గట్టు మీద
కొల్లాటి పైడయ్య డీజిల్ ఇంజను నెత్తినెక్కి కూర్చున్న
జావా ట్యాంకు.
అంతకు ముందు ఏ బండిదో ఆయనకీ తెలీదు.
చెరువు నీళ్లలో ఉప్పెంతో కొలవడానికి వెళ్లినదాన్ని
సీసా చేత్తో పట్టుకుని
దాని కడుపు వంపునే చూస్తూ నిలబడిపోయాను.
ఎడమ పక్క ఒక సొట్ట,
ఎవరో మోకాలు ఆనించీ ఆనించీ పడ్డట్టు.
"తీస్కెళ్లండి, దీనికి డబ్బులేంటండి" అన్నాడు.
అని, నాలుగొందలు తీసుకున్నాడు.

నాది పాత ఆరెక్స్.
హ్యాండిలు దించి, సీటు సగం కోసేసి,
నడ్డి వంచి మీద పడుకున్నట్టు నడిపే బండి.
"మరి వెనక ఎవరూ కూర్చోరా?" అంటారు.
కూర్చోరు.
దాని సొంత ట్యాంకుని సముద్రపు గాలి
అడుగు నుంచి తినుకుంటూ వచ్చింది.

మాధవాయిపాలెం రేవు దాటాక యేసుపాదం షెడ్డు.
ట్యాంకు చట్రం మీద పెట్టాడు, తీశాడు,
ఒంగి చూశాడు, మళ్లీ పెట్టాడు.
"ఆయ్, కూర్చోదండి.
వెన్నుగొట్టం లావు, దీని సొరంగం సన్నం.
పెళ్లి లాంటిదేనండి, ఎవరో ఒకరు తగ్గాలి."
"కాదు యేసుపాదం, దీనికి కొలతలున్నాయి."
నవ్వి, టేపు తీశాడు.
అరంగుళం.

చట్రం జోలికి వెళ్లొద్దన్నాను.
బరువు మోసేదాన్ని కోయడమేంటి?

ముందు చింతపండు.
కేజీన్నర, పోయినేడాదిది, నల్లబడ్డది.
పిసికి, మరగబెట్టి, మూతి దాకా పోశాం.
రెండు రాత్రులు నానింది.
మూడోనాడు గుప్పెడు నట్లు వేసి
చెరో పక్కా పట్టుకుని ఊపుతుంటే
టీ కొట్టు వాళ్లు లేచొచ్చి చూశారు.
వంచితే, వరద గోదారి రంగు పులుసు.
అందులో పైడయ్య పన్నెండేళ్లూ ఉన్నాయి.

సరుగుడు మేకు సొరంగంలో దిగ్గొట్టి
దెబ్బ దెబ్బకీ ఆగి, టేపు పెట్టి,
తలవెంట్రుక వాసి చొప్పున వెడల్పు చేశాడు.
వెల్డింగుకి ముందు నిండా నీళ్లు పట్టాడు.
"చమురు తాగిన కడుపండి.
ఖాళీగా ఉన్నప్పుడే ప్రమాదం."
కింద మెత్తకి ఏరియేటరు బెల్టు ముక్కలు రెండు.
"సొట్ట లాగేయమంటారా?"
ఉండనీ అన్నాను.
తీరా ఎక్కి కూర్చుంటే
నా మోకాలు దానికి నాలుగు వేళ్లు కిందే ఆగింది.
ఎవరో నాకంటే పొడుగు మనిషి.

మొదటిసారి బయల్దేరిన సాయంత్రం
చించినాడ వంతెన నడిమిట్లో
దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగింది.
మూత తీసి కొబ్బరి ఈనె ముంచితే
చివర తడిసింది.
ఉంది, కానీ రావడం లేదు.
కింద వశిష్ఠ చప్పుడు చెయ్యకుండా పోతోంది.
లారీ ఒకటి హారన్ కొట్టి తిట్టి పోయింది.

అప్పుడు తట్టింది.
సొరంగానికి అటో కడుపు, ఇటో కడుపు.
కాకు ఉన్నది ఎడమ పక్క ఒక్కదానికే.
కుడిపక్క మిగిలింది మిగిలినట్టే
దాటడానికి దారి లేక కూర్చుంది.

బండిని రెండు చేతులా పట్టుకుని
ఎడమకి ఒరగేశాను,
నేల మీద పడేస్తానేమో అన్నంత.
చెవి ట్యాంకుకి ఆనించాను.
బుడబుడమని
అవతలి గట్టు నుంచి ఇవతలికి
పంటు లేకుండా దాటుతోంది.

నాలుగో కిక్కుకి పలికింది.
గుక్కెడో, రెండు గుక్కలో.
రాజోలు వైపు బంకు దగ్గరా
పాలకొల్లు వైపుదా అని
ఇంజను ఆపకుండా
ఇంకా లెక్కేస్తున్నాను.